సీపీయూ, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో: రాబోయే ల్యాప్‌టాప్ ప్రాసెసర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ కొందామనుకుంటూ, "కొత్త చిప్ వస్తోందట కదా, ఆగితే మంచిదా?" అని తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పేజీ. 2026 ఆరంభం నాటికి తయారీ సంస్థలు స్వయంగా ప్రకటించిన వివరాలే ఇందులో ఉన్నాయి. పుకార్లలో తిరిగే అంకెల జోలికి వెళ్లలేదు. చిప్ పేర్ల కంటే మెమరీ గురించి ఎక్కువ చెప్పాం. ఎందుకో రెండో ప్రశ్న దగ్గరే తెలుస్తుంది.

ఒకే చిప్ అంటే రెండూ ఒకే సిలికాన్ ముక్కలో ఉంటాయా?

కొన్నిటిలో ఉంటాయి, కొన్నిటిలో ఉండవు. 2010 జనవరిలో వచ్చిన ఇంటెల్ అరండేల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో 32 నానోమీటర్ల సీపీయూ ఒక ముక్క, 45 నానోమీటర్ల గ్రాఫిక్స్ ఇంకో ముక్క. రెంటినీ ఒకే ప్యాకేజీలో పక్కపక్కన అమర్చారు. మరుసటి ఏడాది శాండీ బ్రిడ్జ్‌తో రెండూ ఒకే ముక్క అయ్యాయి. 2006లో ఏటీఐని కొన్న ఏఎండీ కూడా తన తొలి ఏపీయూలను (సీపీయూ, గ్రాఫిక్స్ కలిసిన చిప్‌లను) 2011లోనే తెచ్చింది. 2023 చివర్లో వచ్చిన మీటియోర్ లేక్ నుంచి ఇంటెల్ మళ్లీ ముక్కలుగా విడగొట్టడం మొదలుపెట్టింది. ఇంటెల్ కొత్త తరం పాంథర్ లేక్‌లో సీపీయూ ఉన్న టైల్ (ముక్క) వేరు, గ్రాఫిక్స్ టైల్ వేరు.

కొనేవారికి ఇందులో పట్టించుకోవాల్సింది తక్కువే. ముక్కలు ఎన్నయినా, సీపీయూ, గ్రాఫిక్స్ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి, ఒకే కరెంటును పంచుకుంటాయి, ఒకే ఫ్యాన్ కింద చల్లబడతాయి. మంచి అయినా చెడు అయినా అక్కడి నుంచే మొదలవుతుంది.

విడి గ్రాఫిక్స్ కార్డుతో పోలిస్తే అసలు తేడా ఎక్కడ?

మెమరీ బ్యాండ్‌విడ్త్ దగ్గర, అంటే ర్యామ్ నుంచి సెకనుకు ఎంత డేటా అందుతుందన్న దగ్గర. చెరువు ఎంత పెద్దదైనా తూము చిన్నదైతే పొలం తడవదు. గ్రాఫిక్స్ కోర్లు ఎన్ని ఉన్నా, వాటికి డేటా అందించే దారి ఇరుకైతే అవి ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటాయి.

లెక్క తేలికే. మెమరీ బస్ (ర్యామ్ నుంచి చిప్‌కు డేటా నడిచే దారి) వెడల్పును బిట్లలో తీసుకుని 8తో భాగించి, మెమరీ వేగంతో గుణించాలి. డీడీఆర్5-5600 ర్యామ్ రెండు స్టిక్‌లు ఉంటే బస్ 128 బిట్లు. 128ని 8తో భాగిస్తే 16. దాన్ని 5600తో గుణిస్తే సెకనుకు 89,600 ఎంబీ, అంటే 89.6 జీబీ. ఒకే స్టిక్ ఉంటే అందులో సగం, 44.8 జీబీ. ల్యాప్‌టాప్‌లలో వాడే మరో రకం ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5ఎక్స్-7500 అయితే 120 జీబీ, 8533 అయితే 136.5 జీబీ, 9600 అయితే 153.6 జీబీ. ఇవన్నీ 128 బిట్ల బస్ మీద లెక్కలు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఉండే ఎన్విడియా విడి గ్రాఫిక్స్ ఆర్‌టీఎక్స్ 4060ను చూడండి. దానికి సెకనుకు 256 జీబీ, అదీ గ్రాఫిక్స్ ఒక్కదానికే. అందుకే 128 బిట్ల చిప్‌లో గ్రాఫిక్స్ కోర్లను ఎంత పెంచినా ఫలితం ఆ నిష్పత్తిలో పెరగదు. ఏఎండీ చిప్‌లలోని రేడియాన్ 780ఎం గ్రాఫిక్స్‌లో 12 కంప్యూట్ యూనిట్లు (ఏఎండీ గ్రాఫిక్స్ కోర్లు), 890ఎంలో 16 ఉన్నాయి. యూనిట్లు మూడో వంతు పెరిగినా ఆటల్లో వేగం అంత పెరగలేదు.

ఈ ఇబ్బందిని దాటడానికి కంపెనీలు పట్టుకున్న దారులు రెండు. మొదటిది బస్‌ను వెడల్పు చేయడం. 2025 జనవరిలో ప్రకటించిన ఏఎండీ స్ట్రిక్స్ హేలో, అంటే రైజెన్ ఏఐ మ్యాక్స్ వరుస, 256 బిట్ల బస్ మీద 8000 వేగం మెమరీతో సెకనుకు 256 జీబీ అందుకుంటుంది. 40 కంప్యూట్ యూనిట్లు పెట్టడం అందుకే సాధ్యమైంది. ఆపిల్ ఎం4 మ్యాక్స్ పై మోడల్లో ఇది 546 జీబీ వరకు వెళ్తుంది. రెండోది చిప్ లోపలే పెద్ద క్యాష్ (ర్యామ్ కంటే వేగవంతమైన మెమరీ) పెట్టి ర్యామ్ దాకా వెళ్లే పనిని తగ్గించడం. స్ట్రిక్స్ హేలోలో ఇందుకోసం 32 ఎంబీ క్యాష్ ఉంది. పాంథర్ లేక్ పెద్ద గ్రాఫిక్స్ టైల్‌లో 16 ఎంబీ ఎల్2 క్యాష్ ఉంది.

రాబోయే చిప్ ఏదైనా సరే, ప్రకటనలో ముందు వెతకాల్సినవి బస్ వెడల్పు, మెమరీ వేగం, క్యాష్. కోర్ల సంఖ్య ఆ తర్వాతే.

నా ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉంది. రెండోది వేస్తే తేడా తెలుస్తుందా?

ఈ తరహా చిప్‌లకు ఇంతకంటే చవకైన మెరుగుదల లేదు. ఇంటెల్ చిప్‌లలో దీని ప్రభావం పేరు మీదే కనిపిస్తుంది. ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న చిప్‌కు ఒకే చానెల్ ర్యామ్ (ఒకే స్టిక్) ఇస్తే డివైస్ మేనేజర్ దాన్ని యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. రెండో స్టిక్ వేసి ఆన్ చేశాక ఐరిస్ ఎక్స్‌ఈ పేరు వస్తుంది. మీటియోర్ లేక్‌లో ఆర్క్ అనే పేరుకు కూడా ఇంటెల్ పెట్టిన షరతు ఇదే: కనీసం 16 జీబీ, అదీ డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు దారుల్లో.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కుడివైపు కింద వేగం, వాడుతున్న స్లాట్ల సంఖ్య కనిపిస్తాయి. రెండు స్లాట్లలో ఒకటే వాడుతుంటే మీకు అవకాశం ఉన్నట్టే. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే ఈ స్లాట్ల అంకెను నమ్మకండి. మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్ వెతికి చూసుకోవాలి.

స్టిక్ వేసేటప్పుడు చార్జర్ తీసి, పూర్తిగా ఆఫ్ చేసి, వెనక మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్‌ను విడదీయండి. స్టిక్‌ను సుమారు 30 డిగ్రీల వాలుతో గాడిలోకి పూర్తిగా నెట్టి, తర్వాత కిందికి నొక్కితే రెండువైపులా క్లిప్పులు టక్కుమని పడతాయి. బంగారు రంగు కాంటాక్టులు బయటకు బాగా కనిపిస్తుంటే సరిగా దిగలేదని అర్థం.

డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలపాటు నల్లగానే ఉండవచ్చు. బోర్డు కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సర్దుకుంటోందన్నమాట. పాడైపోయిందని కంగారుపడి పవర్ బటన్ నొక్కి పట్టుకోకండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

8 జీబీ పక్కన 16 జీబీ వేస్తే? పనిచేస్తుంది. మొదటి 16 జీబీ డ్యూయల్ చానెల్‌లో, మిగతా 8 సింగిల్ చానెల్‌లో నడుస్తాయి. రెండిటిలో వేగం తక్కువున్న స్టిక్‌కు తగ్గట్టే రెండూ నడుస్తాయి.

16 జీబీ ర్యామ్‌లో 13 చిల్లర మాత్రమే వాడుకోవచ్చని చూపిస్తోంది. మిగతాది ఎటు పోయింది?

గ్రాఫిక్స్ కోసం బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ అవగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) ముందే పక్కన పెట్టింది. టాస్క్ మేనేజర్ గ్రాఫిక్స్ పేజీలో డెడికేటెడ్ మెమరీ అని కనిపించేది అదే. దాని కింద షేర్డ్ అని ఇంకో అంకె ఉంటుంది. అవసరమైనప్పుడు గ్రాఫిక్స్ వాడుకునే వాటా అది. విండోస్ సాధారణంగా ర్యామ్‌లో సగం వరకు ఇస్తుంది. కేటాయించినంత మాత్రాన అది ముందే ఖర్చయిపోదు.

ఈ కేటాయింపును బయోస్‌లో 4 జీబీకో 8 జీబీకో పెంచితే ఆటలు వేగంగా నడుస్తాయన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. రెండు వాటాలూ ఒకే ర్యామ్‌లో, ఒకే వేగంతో ఉంటాయి కాబట్టి పెంచినంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. డెడికేటెడ్ మెమరీ ఎంతుందో చూసి "చాలదు" అని మొరాయించే ఆటలకూ, టెక్స్‌చర్ నాణ్యతను ఆ అంకె చూసి తగ్గించేసే ఆటలకూ మాత్రం పెంచడం పనికొస్తుంది. 16 జీబీ ఉంటే ఆటోలోనే వదిలేయండి. 32 జీబీ ఉంటే 4 జీబీ పెట్టుకున్నా నష్టం లేదు.

ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, ఇప్పుడే ఎక్కువ తీసుకోవాలా?

వేగవంతమైన ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ దాదాపు ఎప్పుడూ బోర్డుకు సోల్డర్ అయి వస్తుంది. ఇంటెల్ లూనార్ లేక్‌లో అయితే ప్రాసెసర్ ప్యాకేజీ మీదే ఉంటుంది, 16 లేదా 32 జీబీ. పాంథర్ లేక్‌లో మళ్లీ ప్యాకేజీ బయటికి వచ్చింది. ఎల్‌పీక్యామ్2 అనే మాడ్యూల్ ఉంటే ఒక్క ముక్కతోనే 128 బిట్ల బస్ దొరుకుతుంది, మార్చుకోవచ్చు కూడా. కానీ అది ఉన్న ల్యాప్‌టాప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సోల్డర్ చేసిన దానిలో గ్రాఫిక్స్ పని చేయాలనుకుంటే 32 జీబీకి తగ్గకండి.

పేర్లు చూస్తే తల తిరుగుతోంది. ఏ చిప్‌లో మంచి గ్రాఫిక్స్ ఉందో ఎలా తెలుసుకోవాలి?

పేరులో పెద్ద అంకె ఉన్నంత మాత్రాన గ్రాఫిక్స్ పెద్దది కాదు. మోసపోయే అవకాశం ఎక్కువ ఉన్న చోటు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

ఏఎండీ రైజెన్ 7000 ల్యాప్‌టాప్ వరుసలో మూడో అంకె చూడండి. 7520యూలో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది జెన్ 2 అనే పాత సీపీయూ తరం. గ్రాఫిక్స్ 610ఎం, రెండే కంప్యూట్ యూనిట్లు. 7530యూ జెన్ 3, పాత వేగా గ్రాఫిక్స్. 7735హెచ్‌ఎస్‌లో జెన్ 3 ప్లస్, 12 యూనిట్ల 680ఎం. 7840హెచ్‌ఎస్‌లో జెన్ 4, 12 యూనిట్ల 780ఎం. నాలుగూ 7తోనే మొదలవుతాయి. రైజెన్ ఏఐ 300 వరుసకు వస్తే, ఏఐ 5 340లో 4 యూనిట్ల 840ఎం, ఏఐ 7 350లో 8 యూనిట్ల 860ఎం, ఏఐ 9 365లో 12 యూనిట్ల 880ఎం, ఏఐ 9 హెచ్‌ఎక్స్ 370లో 16 యూనిట్ల 890ఎం.

ఇంటెల్‌లో కోర్ అల్ట్రా 200 అనే ఒకే గొడుగు కింద వేర్వేరు తరాలున్నాయి. 258వీ లూనార్ లేక్, ఆర్క్ 140వీ. 255హెచ్ యారో లేక్, ఆర్క్ 140టీ. 255హెచ్‌ఎక్స్ డెస్క్‌టాప్ చిప్ నుంచి వచ్చింది. దానికి పక్కన విడి కార్డు ఉంటుందన్న ఉద్దేశంతో లోపల చిన్న గ్రాఫిక్సే పెట్టారు. వీ వరుసలో చివరి అంకె 8 అయితే 32 జీబీ, 6 అయితే 16 జీబీ ర్యామ్.

పాంథర్ లేక్, అంటే కోర్ అల్ట్రా సిరీస్ 3లో చూడాల్సింది ఎక్స్ అక్షరం. ఎక్స్7 358హెచ్, ఎక్స్9 388హెచ్‌లలో 12 ఎక్స్‌ఈ కోర్లు (ఇంటెల్ గ్రాఫిక్స్ కోర్లు) ఉన్న ఆర్క్ బీ390 ఉంటుంది. ఎక్స్ లేని అల్ట్రా 9 386హెచ్‌లో 4 ఎక్స్‌ఈ కోర్లే. 9 అన్న అంకె చూసి కొంటే 7 కంటే బలహీనమైన గ్రాఫిక్స్ చేతికొస్తుంది.

ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఆటల వేగం వేర్వేరుగా ఎందుకుంటుంది?

వాట్ల వల్ల. హెచ్‌ఎక్స్ 370ని 15 వాట్ల నుంచి 54 వాట్ల వరకు తయారీదారు తనకు నచ్చినట్టు అమర్చుకోవచ్చు. పలుచని మోడల్లో ఉన్నదీ, రెండు ఫ్యాన్ల మందపాటి మోడల్లో ఉన్నదీ పేరుకు ఒకటే, పనికి వేరు.

పైగా ఆ వాట్లను సీపీయూ, గ్రాఫిక్స్ పంచుకోవాలి. ఆటలో సీపీయూ అనవసరంగా గరిష్ఠ వేగానికి ఎగబాకితే గ్రాఫిక్స్ వాటా కోసుకుపోతుంది. అందుకే ఫ్రేమ్ రేటును 60కో 40కో కట్టడి చేస్తే ఆట కుదుపులు లేకుండా సాగుతుంది. సెకనుకు సీపీయూ చేసే పని తగ్గి, మిగిలిన కరెంటు గ్రాఫిక్స్‌కు చేరుతుంది.

సమీక్షలు చదివేటప్పుడు మొదటి రెండు నిమిషాల స్కోరును పక్కన పెట్టి, అరగంట నడిచాక ఎన్ని వాట్లు నిలబడ్డాయో చూడండి. అది చెప్పని సమీక్ష ఈ తరహా చిప్‌ల విషయంలో అసంపూర్ణం.

రాబోయేవి ఏమిటి?

పాంథర్ లేక్ వివరాలను ఇంటెల్ 2025 అక్టోబరులో బయటపెట్టి, 2026 జనవరిలో విడుదల చేసింది. అదే నెలలో ఏఎండీ రైజెన్ ఏఐ 400 వరుసను ప్రకటించింది. ఇది 300 వరుసకే వేగం పెంచిన రూపం, గ్రాఫిక్స్‌లో కొత్త తరం లేదు. క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్2 ఎలీట్‌ను 2025 సెప్టెంబరులో ప్రకటించింది. అందులో ఎక్స్‌ట్రీమ్ మోడల్‌కు 192 బిట్ల బస్, సెకనుకు 228 జీబీ. ఆపిల్ ఎం5 2025 అక్టోబరులో 153 జీబీ బ్యాండ్‌విడ్త్‌తో వచ్చింది. ఏఎండీ తర్వాతి తరం మెడూసాను తన ప్రణాళికలో 2027 దగ్గర చూపింది.

అందరి చూపూ ఉన్నది మాత్రం ఇంకో ప్రకటన మీద. 2025 సెప్టెంబరులో ఎన్విడియా, ఇంటెల్‌లో 500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడుతున్నట్టు చెప్పింది. ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ చిప్లెట్‌ను (ప్యాకేజీలో చేర్చే విడి ముక్కను) కలుపుకున్న ఎక్స్86 ప్రాసెసర్లను ఇంటెల్ తయారుచేస్తుందని కూడా అప్పుడే ప్రకటించారు. ఇలాంటి జోడీకి ఒక పాత ఉదాహరణ ఉంది. 2018లో వచ్చిన కేబీ లేక్-జీలో ఇంటెల్ సీపీయూ, ఏఎండీ వేగా గ్రాఫిక్స్, 4 జీబీ హెచ్‌బీఎం2 మెమరీ ఒకే ప్యాకేజీలో ఉండేవి. చిప్ బాగానే ఉంది. కానీ 2019 అక్టోబరుకే ఇంటెల్ దాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది, కొన్నవారు డ్రైవర్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. రెండు కంపెనీల చిప్ వచ్చినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ ఎవరిస్తారు, ఎన్నేళ్లిస్తారు అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న.

మరి ఆగాలా, కొనేయాలా?

ఇప్పుడున్న ల్యాప్‌టాప్ పని చేస్తూ, మీ అవసరం ప్రధానంగా గ్రాఫిక్స్ అయితే, నచ్చిన చిప్ ఉన్న ఒక నిర్దిష్ట మోడల్ సమీక్ష వచ్చేదాకా ఆగండి. ప్రకటనకూ, సరుకు అందడానికీ మధ్య ఎడం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. స్ట్రిక్స్ పాయింట్ (ఏఎండీ రైజెన్ ఏఐ 300 వరుస) 2024 జూన్‌లో ప్రకటించి జులైకే వచ్చింది. లూనార్ లేక్‌ను అదే జూన్‌లో చూపించినా కొనడానికి దొరికింది సెప్టెంబరు చివర్లో. అందులోనూ మొదట వచ్చేవి ఖరీదైన మోడళ్లే.

పని ఆగిపోయే పరిస్థితి ఉంటే ఆగొద్దు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ర్యామ్ సోల్డర్ చేసిన ల్యాప్‌టాప్‌ల మీద ఆ భారం నేరుగా పడుతుంది. మా అభిప్రాయం అడిగితే, 32 జీబీతో తగ్గింపు ధరకు దొరికే నిన్నటి తరం 890ఎం లేదా 140వీ ల్యాప్‌టాప్, 16 జీబీతో వచ్చే కొత్త తరం కంటే ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఎన్‌పీయూ ఉంటే గ్రాఫిక్స్ మెరుగవుతుందా?

అవదు. ఎన్‌పీయూ అనేది ఏఐ పనుల కోసం చిప్‌లో పెట్టే విడి భాగం. కోపైలట్ ప్లస్ ముద్రకు మైక్రోసాఫ్ట్ 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) ఎన్‌పీయూ, 16 జీబీ ర్యామ్ అడుగుతుంది. దాని ఉపయోగం కాల్స్‌లో నేపథ్యం మసకబార్చడం, మాటను అక్షరాల్లోకి మార్చడం వంటి పనులకు.

ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడానికి ఈ చిప్‌లు సరిపోతాయా?

ఇక్కడ మాత్రం విడి కార్డు కంటే ఇవే మేలనిపించే సందర్భాలున్నాయి. 8 జీబీ కార్డులో పట్టని మోడల్ ఇక్కడ ర్యామ్‌లో పడుతుంది. 128 జీబీ ఉన్న స్ట్రిక్స్ హేలోలో విండోస్‌లో 96 జీబీ వరకు గ్రాఫిక్స్‌కు కేటాయించవచ్చు.

వేగానికి స్థూలమైన లెక్క ఒకటుంది. బ్యాండ్‌విడ్త్‌ను మోడల్ పరిమాణంతో భాగిస్తే సెకనుకు వచ్చే టోకెన్ల (పదాలు లేదా పదాల్లో ముక్కల) పైహద్దు తెలుస్తుంది. 4 బిట్లకు కుదించిన 800 కోట్ల పారామీటర్ల మోడల్ దాదాపు 5 జీబీ. 120 జీబీ చిప్ మీద సెకనుకు 24 టోకెన్లు దాటవు. 7,000 కోట్ల పారామీటర్ల మోడల్ అదే కుదింపులో దాదాపు 40 జీబీ. 256 జీబీ చిప్ మీద కూడా 6 చుట్టూ ఆగిపోతుంది. మిక్చర్ ఆఫ్ ఎక్స్‌పర్ట్స్ తరహా మోడళ్లు ఒక్కో టోకెన్‌కు కొంత భాగాన్నే చదువుతాయి కాబట్టి ఈ చిప్‌లకు అవి బాగా నప్పుతాయి.

వీడియో ఎడిటింగ్ చేసేవారు ఏం చూడాలి?

మీ కెమెరా ఫైల్ ఏ రకమో ముందు చూసుకోండి. 10 బిట్ల 4:2:2 (రంగు వివరం ఎక్కువగా ఉంచే) హెచ్‌ఈవీసీ కుదింపు ఫైళ్లయితే ఇంటెల్, ఆపిల్ చిప్‌లు వాటిని హార్డ్‌వేర్‌లోనే విప్పుతాయి. 890ఎం వరకు వచ్చిన ఏఎండీ చిప్‌లలో ఆ సదుపాయం లేదు, భారమంతా సీపీయూ మీద పడి టైమ్‌లైన్ తడబడుతుంది. ఆటలకు బాగున్న చిప్ ఇక్కడ వెనకబడటానికి కారణం ఇదే. ఏవీ1 అనే మరో వీడియో కుదింపు పద్ధతిలో ఎన్‌కోడ్ చేయాలంటే మీటియోర్ లేక్ ఆర్క్ లేదా 780ఎం తరం, ఆపై ఉండాలి.

డ్రైవర్ అప్‌డేట్ చేశాక రేడియాన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

విండోస్ అప్‌డేట్ మీ డ్రైవర్ మీద పాతదాన్ని వేసేసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వెర్షన్, డ్రైవర్ వెర్షన్ పొసగక అది మొరాయిస్తుంది. ఏఎండీ సైట్ నుంచి పూర్తి ఇన్‌స్టాలర్ దించుకుని, నెట్ ఆపేసి, ఫ్యాక్టరీ రీసెట్ ఎంపికతో వేయండి. రీస్టార్ట్ అయ్యాకే నెట్ పెట్టండి. మళ్లీ అదే జరిగితే విండోస్ అప్‌డేట్‌ను కొన్ని రోజులు పాజ్ చేయండి. కొత్త చిప్ వచ్చిన మొదటి నెలల్లో ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లోని డ్రైవరే భద్రం. స్లీప్ నుంచి లేవకపోవడం, తెర వెలుగు మారకపోవడం లాంటివి ఆ మోడల్‌కు తగ్గట్టు అందులోనే సరిచేసి ఉంటాయి. లినక్స్‌లో అయితే కెర్నల్, మెసా (గ్రాఫిక్స్ డ్రైవర్లు), ఫర్మ్‌వేర్ మూడూ కొత్తవై ఉండాలి. ఒక్కటి పాతదైనా గ్రాఫిక్స్ సరిగా పనిచేయకపోవచ్చు, నల్ల తెర కూడా రావచ్చు.

తర్వాత బయటి గ్రాఫిక్స్ కార్డు తగిలించుకోవచ్చా?

థండర్‌బోల్ట్ 4 లేదా యూఎస్‌బీ4 పోర్టు ఉన్న ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో వీలవుతుంది. ఆపిల్ ఎం వరుసలో మ్యాక్ ఓఎస్ దీనికి మద్దతివ్వదు. థండర్‌బోల్ట్ 4లో కార్డుకు అందేది 32 గిగాబిట్లే కాబట్టి వేగం కొంత తగ్గుతుంది. ఆక్యులింక్ పోర్టు ఉంటే 64 గిగాబిట్లు, కానీ ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండగా దాని కేబుల్ తీయకూడదు. ఏ దారైనా మానిటర్‌ను నేరుగా ఆ బయటి కార్డుకే కలపండి. బొమ్మ మళ్లీ ల్యాప్‌టాప్ తెరకు రావాలంటే అదే ఇరుకు కేబుల్‌లో వెనక్కి ప్రయాణించాలి, ఫ్రేములు అక్కడే పోతాయి.